వీడియో ప్లేయర్ మూసిన తరువాత కంప్యూటర్ బిగుసుకుపోతోంది, కారణం చెప్పగలరా?

అందరికీ నమస్కారం. మేము చెన్నైలో ఉంటాము. మా నాన్నగారు మార్గళి (ధనుర్మాసం) సంగీత కచేరీల వీడియోలు చూసుకునే డెస్క్‌టాప్‌లో (విండోస్ 10, 8 జీబీ ర్యామ్, విడిగా గ్రాఫిక్స్ కార్డు లేదు) ఒక సమస్య వచ్చింది. వీడియో నడుస్తున్నంతసేపూ ఏ ఇబ్బందీ ఉండదు. ప్లేయర్ మూసిన కాసేపటికి మాత్రం మౌస్ బాణం ఉన్నచోటే నిలిచిపోతుంది, క్యాప్స్ లాక్ నొక్కినా కీబోర్డు మీది లైటు వెలగదు, పవర్ బటన్ నొక్కిపట్టి ఆపడం తప్ప దారి ఉండదు.

హెచ్.264 ఫైళ్లతో ఇలా జరగదు, హెచ్.265 ఫైళ్లతోనే జరుగుతోంది (ఇవి రెండూ వీడియోను కుదించి దాచే పద్ధతులు). పైగా, విండో మూసినా ప్లేయర్ పేరు టాస్క్ మేనేజర్‌లో అలాగే కనబడుతోంది, వీడియో డీకోడ్ (కుదించిన వీడియోను విప్పే పని) గ్రాఫ్ కిందికి దిగడం లేదు. అందుకే గ్రాఫిక్స్ డ్రైవర్ (గ్రాఫిక్స్ చిప్‌ను విండోస్‌తో పనిచేయించే సాఫ్ట్‌వేర్) మీద నాకు అనుమానం. ప్లేయర్‌లో హార్డ్‌వేర్ డీకోడింగ్ (ఆ విప్పే పనిని గ్రాఫిక్స్ చిప్‌కు అప్పగించడం) ఆపితే సమస్య తగ్గింది కానీ పూర్తిగా పోలేదు. ర్యామ్ పరీక్షలో దోషమేమీ కనబడలేదు. విండోస్ తన లోపాలను నమోదు చేసుకునే ఈవెంట్ వ్యూయర్‌లో కెర్నల్ పవర్ 41 అనే నమోదు ఒక్కటే ఉంది. సిస్టమ్ సరిగా షట్‌డౌన్ కాలేదని చెప్పడమే తప్ప, ఎందుకో అది చెప్పదు.

ఇక్కడి ఎలక్ట్రానిక్స్ బజారు రిచీ స్ట్రీట్‌లో ఒక దుకాణంవారు ఫార్మాట్ చేయమన్నారు. కారణం తెలియకుండా అంత పని చేయడం నాకు ఇష్టం లేదు. సేఫ్ మోడ్‌లో (అత్యవసరమైన వాటితో మాత్రమే విండోస్ నడిచే స్థితిలో) డ్రైవర్‌ను పూర్తిగా తీసేసి పాత వెర్షన్ వేస్తే ప్రయోజనం ఉంటుందా? లోపం డ్రైవర్‌దా, పవర్ సప్లైదా అన్నది ఇంట్లోనే తేల్చుకునే పద్ధతి ఏదైనా ఉంటే, అనుభవమున్నవారు దయచేసి వివరంగా చెప్పగలరు.