సమస్య: పందికొక్కుల సంచిలో పాపలుండు

నిర్వాహకుడు: ఈసారి తేటగీతి పద్యం. పై పాదం చివర వచ్చేలా, అర్థం పొసిగేలా మిగతా మూడు పాదాలు పూరించాలి. పందికొక్కు ఎలుకల జాతిది, దానికి పొట్టసంచి లేదు. ఈ పాదాన్ని ఎలా నిలబెడతారో మీ ఇష్టం. కల వచ్చిందని, కల్లు తాగాడని మాత్రం తప్పించుకోకండి.

బాపట్ల మాస్టారు:
కొట్టులోపల వడ్లను గొఱికి గొఱికి
గోనెబస్తాల నడుమను గూడు గట్టి
ఈని వెడలిన దొక తల్లి, యిపుడు చూడ
పందికొక్కుల సంచిలో పాపలుండు

నిర్వాహకుడు: ధార బాగుంది మాస్టారూ. అయితే గూడు బస్తాల నడుమ కడితే పిల్లలు సంచిలోకి ఎలా వచ్చాయి? “గోనెబస్తాను దొలిచి లో గూడు గట్టి” అంటే అన్వయం కుదురుతుంది.

బాపట్ల మాస్టారు: శిరోధార్యం. సంచి రైతుది కదా, పందికొక్కులది ఎలా అయిందని మాత్రం అడగకండి. దూరినవాడిదే ఇల్లు!

మెల్‌బోర్న్ కోడలు:
తెలుగు పేరును గొనిపోయి తెల్లవారు
కడలి యావలి నేలపై గాంచినట్టి
జంతువున కంటగట్టిరి, చనిన నచట
పందికొక్కుల సంచిలో పాపలుండు

మన పందికొక్కే ఇంగ్లీషువాళ్ల నోట బాండికూట్ అయింది. ఆస్ట్రేలియాలో పొడుగు మూతితో నేల తవ్వే జంతువు కనబడితే దానికీ అదే పేరు తగిలించారు. రెండింటికీ చుట్టరికమే లేదు. అది కంగారూలా సంచి ఉన్న జీవి. అందులో ఒక రకం పిల్ల గర్భంలో ఉండేది సుమారు 12 రోజులే, ఆ తర్వాత పెరిగేది సంచిలోనే. మన ఎలుకకు శాస్త్రజ్ఞులు పెట్టిన బాండికోటా ఇండికా అన్న పేరులోనూ ఉన్నది పందికొక్కే.

నిర్వాహకుడు: విరోధం పూర్తిగా తీరింది. “అంటగట్టిరి” పద్యానికి ప్రాణం. “కాంచినట్టి”లో “అట్టి” గణాల కోసం వచ్చిందని తెలిసిపోతోంది, అంతే.

కొత్త సభ్యుడు:
నేల త్రవ్వెడి వేళలో మట్టి చొరక
వెనుక వైపున వాకిలి వెలయు నంట
సిడ్ని తోటల వెంబడి చిందులాడు
పందికొక్కుల సంచిలో పాపలుండు

బాపట్ల మాస్టారు: నాయనా, మొదటి పాదంలో నే–మ యతి (పాదం మొదటి అక్షరానికి నడుమ అక్షరంతో కుదరాల్సిన జత) చెల్లదు. మట్టికి బదులు “నెరసు” వేస్తే సరి. “వెలయు నంట” వ్యావహారికం, “వెలయు గాదె” అను. సంచి నోరు వెనక్కి ఉంటుందన్న సంగతి పట్టుకున్నావు, దానికి వాకిలి అన్న మాట ముచ్చటగా అమరింది.

మెల్‌బోర్న్ కోడలు: పైన మొక్క కదలకుండా కింద దుంపలు తవ్వుకుపోయే దొంగతనానికీ ఇక్కడివాళ్లు బాండికూట్ అన్న పేరే వాడతారండీ.

నిర్వాహకుడు: అయితే వచ్చేసారి దత్తపది, అంటే ఇచ్చిన మాటలన్నీ పద్యంలో రావాలి: పంది, కొక్కు, దుంప, దొంగ. ఛందస్సు మీ ఇష్టం.