రేసు పడవలో టెథర్ (మనిషిని పడవకు కట్టి ఉంచే, చివర కొక్కెం ఉన్న తాడు) విప్పితే పెనాల్టీ వేయాలా?

చుక్కాని_శీను:
2018 మార్చి 26. ప్రపంచం చుట్టే తెరచాప పడవల పోటీ వోల్వో ఓషన్ రేసులో ఆక్లాండ్ నుంచి బ్రెజిల్ వెళ్తున్న స్కాలీవాగ్ పడవకు, దక్షిణ అమెరికా దక్షిణ కొసన ఉన్న కేప్ హార్న్ ఇంకా 1400 నాటికల్ మైళ్లు ఉంది. చుక్కాని వేరేవాళ్లకి అప్పగించిన జాన్ ఫిషర్, ముందు తెరచాప తాడు సర్దుదామని ఒంటికున్న టెథర్ విప్పి కదిలాడు. అంతలో పడవ అల మీద జారింది, పెద్ద తెరచాప ఒక్క విసురున అవతలి పక్కకు తిరిగింది. దాని తాళ్లు తగిలి మనిషి నీళ్లలో పడ్డాడు. గంటల తరబడి వెతికారు, దొరకలేదు.
నేననేది ఒకటే. పడవ మీద కెమెరాలు ఎలాగూ ఉన్నాయి. గాలి ఇంత దాటాక టెథర్ లేకుండా కనిపిస్తే టైమ్ పెనాల్టీ వేయాలి. చలానాలు పడ్డాకే కదా హెల్మెట్ మన నెత్తికెక్కింది!

గాలివాటం:
శీను అన్నా, నాది హుస్సేన్ సాగర్‌లో చిన్న పడవ అనుభవమే. అక్కడే ఓసారి బూమ్ (తెరచాప అడుగున ఉండే అడ్డకర్ర) తిరిగొచ్చి చెవి పక్కన కొడితే రెండ్రోజులు అన్నం నమల్లేకపోయాను. కాబట్టి భయం నాకూ తెలుసు. కానీ టెథర్ ఉన్నంత మాత్రాన సరిపోతుందా? 2017 నవంబరులో క్లిప్పర్ అనే ఇంకో ప్రపంచయాత్ర రేసులో ఒకాయన టెథర్ తగిలించుకునే ఉన్నాడు. దాని కొక్కెం డెక్ మీద తాళ్లు చుట్టే క్లీట్ కింద ఇరుక్కుని, పక్కకు లాగుడు పడి, వంగి ఊడిపోయింది. ఆయనా దక్కలేదు.

చుక్కాని_శీను:
అలాగైతే కొక్కెం మార్చాలి తమ్ముడూ, టెథర్ మానేయడం కాదు. రెండు కొక్కేలవి ఉంటాయిగా, ఒకటి తగిలించాకే రెండోది విప్పుకోవచ్చు.

అర్ధరాత్రి_ఇడ్లీ:
మర్చంట్ నేవీలో పదకొండేళ్లు చేశాను. మాకు 24 గంటల్లో కనీసం 10 గంటల విశ్రాంతి ఇవ్వాలి, అందులో ఒక విడత 6 గంటలకు తగ్గకూడదు. రేసు పడవలో నాలుగు గంటలు పని, నాలుగు గంటలు సెలవు. పేరుకే సెలవు. తడిసిన సూట్ ఊడదీయాలి, ఎండబెట్టిన పొడి తిండిలో వేడినీళ్లు పోసుకుని మింగాలి, ఇంకొకడు ఇప్పుడే లేచిన పక్క మీద పడుకోవాలి. కన్ను మూతపడేలోపు పడవ దిశ మారుస్తారు. అంతే, తెరచాపల మూటలు, తిండి సంచులు అన్నీ గాలి వచ్చే వైపుకి మోయాలి, పడుకున్నవాళ్లతో సహా లేచి. బరువు అటు ఉంటేనే వేగం. మళ్లీ డ్యూటీకి పావుగంట ముందే లేచి సూట్ ఎక్కించుకోవాలి.
వారం రోజులు అలా గడిపినవాడికి కొక్కెం తగిలించానో లేదో గుర్తుండదండీ. అతనికి పెనాల్టీ వేసి ఏం లాభం? ఇంకో మనిషిని ఎక్కించమనండి.

గాలివాటం:
ఇంకో మనిషంటే ఇంకో డెబ్భై కిలోలు, పైన తిండి. టీములు ఒప్పుకోవు సార్.

విశాఖ_కెరటం:
మన నేవీ తెరచాప పడవ తరిణి సంగతి మర్చిపోయారా? 2017-18లో ఆరుగురు నేవీ ఆఫీసర్లు, వాళ్లలో మన విశాఖ స్వాతి, హైదరాబాద్ ఐశ్వర్య, 55 అడుగుల పడవలో 254 రోజుల్లో ప్రపంచం చుట్టొచ్చారు. అదే కేప్ హార్న్ దాటారు. వాళ్లకి కప్పు తొందర లేదు, గాలి పెరిగితే తెరచాప దించుకోవచ్చు. రేసులో పక్క పడవ దించితే తప్ప మనం దించం. అసలు రోగం అక్కడుంది.

చుక్కాని_శీను:
మీరు చెప్పింది నిజమే గానీ, అందుకే అందరికీ ఒకే రూలు కావాలంటున్నా. పెనాల్టీ ఉంటే పక్క పడవ వాడూ ఆగి కొక్కెం తగిలిస్తాడు. ఇడ్లీ గారూ, మీ 10 గంటల రూలు కూడా కలిపి రాయమంటారా?

అర్ధరాత్రి_ఇడ్లీ:
ముందు అదే రాయండి. టెథర్ రెండోది.