నయం కాదన్న సంగతి రోగికి చెప్పాలా, దాచాలా?

ప్రశ్న (నల్గొండ నుంచి ఒక కుమారుడు):
మా నాన్నగారికి 68 ఏళ్లు. క్లోమ క్యాన్సర్ కాలేయానికి పాకిందని, ఇంకో విడత కీమో ఎక్కించినా ఒరిగేది పెద్దగా లేదని డాక్టరుగారు నన్నొక్కణ్ణే గదిలోకి పిలిచి చెప్పారు. నాన్నగారితో మాత్రం ‘కడుపులో పుండు’ అంటూ నెట్టుకొస్తున్నాం. నిజం తెలిస్తే ఆ దిగులుతోనే పోతారని అమ్మ భయపడుతోంది. ఏం చేయమంటారు?

జవాబు (ఒక సభ్యుడు):
చెప్పకండి. మా పెద్దమ్మకు తెలిసిన రోజు నుంచి అన్నం సహించలేదు; గోడవైపు తిరిగి పడుకుని, నెల తిరక్కుండానే వెళ్లిపోయింది. ధైర్యం పోయిన మనిషికి ఏ మందూ పనిచేయదు.

జవాబు (ఒక సభ్యురాలు):
మీ పెద్దమ్మగారి విషయంలో మీరు పడ్డ బాధను కాదనను. కానీ ఆ మాట ఆమెకు ఎవరు, ఎలా చెప్పారు, చెప్పాక నొప్పికి ఏమిచ్చారు అన్నది కూడా చూడాలి కదండీ.

మేమూ మా నాన్నగారి దగ్గర దాచాం. ముప్ఫై ఏళ్లు బడిపంతులుగా చేసిన మనిషి ఆసుపత్రి గుమ్మం మీద ‘క్యాన్సర్’ అన్న అక్షరాలు చదువుకుంటూనే లోపలికి వచ్చి ఉంటారన్న ఆలోచన మాకెవరికీ తట్టలేదు. ఒక రాత్రి మంచినీళ్లు ఇస్తుంటే, ‘పొలం పాస్‌బుక్కు బీరువాలో ఎడమ అరలో ఉంది, అమ్మకు చూపించు’ అన్నారు. ‘అవన్నీ ఇప్పుడెందుకు నాన్నా’ అని దుప్పటి సర్దాను. ఆయన మళ్లీ ఆ ఊసెత్తలేదు. చివరి పదకొండు రోజులు ఆయన గొంతులో గొట్టంతో ఐసీయూలో, మేము అద్దానికి ఇవతల. ఆయన కోరుకున్నది అదేనో కాదో ఈనాటికీ మాకు తెలియదు.

గౌరవంగా మరణించడం జీవించే హక్కులో భాగమేనని సుప్రీంకోర్టు 2018 మార్చి 9న తీర్పు చెప్పింది. వెంటిలేటర్ వంటివి తనకు వద్దని ముందే రాసిపెట్టుకునే పద్ధతిని 2023లో సులువు చేసి, ఇద్దరు సాక్షుల సంతకాలతో నోటరీ గానీ గెజిటెడ్ అధికారి గానీ ధ్రువీకరిస్తే చాలన్నది. తన జబ్బేమిటో తెలియని మనిషి ఆ కాగితంలో ఏమని రాయగలడు?

కీమో ఆపితే ఇక చేసేదేమీ లేదనుకోకండి. ఊపిరితిత్తుల క్యాన్సర్ ముదిరిన రోగులపై బోస్టన్‌లో చేసి 2010లో ప్రచురించిన అధ్యయనంలో, మొదటి నుంచీ ఉపశమన చికిత్స (జబ్బును నయం చేయడానికి కాక నొప్పి, ఆయాసం వంటి బాధలు తగ్గించడానికి ఇచ్చే వైద్యం) కూడా అందుకున్నవారు చివర్లో కఠినమైన చికిత్సలు తక్కువ తీసుకుని కూడా ఎక్కువ కాలం బతికారు. నల్లమందు నుంచి తీసే బలమైన నొప్పి మందు మార్ఫిన్ అంటే ఆఖరి గడియ మందన్న భయంతో మేము దాన్ని వాడనివ్వలేదు. అదీ మా తప్పే. నాలుగు గంటలకోసారి మాత్ర, దానితోపాటు విరేచనం సాఫీగా అయ్యే మందు ఇస్తే చాలామందికి కంటినిండా నిద్ర పడుతుంది. రోగులకు మార్ఫిన్ వంటి మందులు అందడం సులువు కావాలనే 2014లో మాదకద్రవ్యాల చట్టాన్ని సవరించారు.

ఒక్కసారిగా అంతా చెప్పేయమనడం లేదు. ‘డాక్టరుగారు చెప్పేది మీరే వింటారా నాన్నా, నన్ను చూసుకోమంటారా?’ అని ముందు అడగండి. ‘నువ్వే చూసుకో’ అంటే అదీ ఆయన నిర్ణయమే. హైదరాబాద్ ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రిలో ఉపశమన చికిత్స విభాగం ఉంది. అమ్మగారిని కూడా వెంటబెట్టుకుని వెళ్లండి.

జవాబు (మొదటి సభ్యుడు):
మీరు అడిగారు కాబట్టి చెబుతున్నాను. పెద్దమ్మకు ఆ మాట వార్డులో, పదిమంది ఎదుట, నిలబడే చెప్పేసి వెళ్లిపోయారు. నొప్పికి జ్వరం మాత్ర తప్ప ఏమీ ఇవ్వలేదు. అయినా, అమ్మగారిని ఒప్పించకుండా కొడుకు ఒక్కడే ఈ పనికి పూనుకోకూడదనే ఇప్పటికీ నా అభిప్రాయం.