ట్యాబ్ ఆటలతో యూకేజీ పిల్లలకు లెక్కలు వస్తాయా?

యూకేజీ బాబు అమ్మ:
మా బాబు స్కూల్లో రోజూ అరగంట ట్యాబ్‌లో లెక్కల ఆటలు ఆడిస్తున్నారు. ఇంట్లోనూ ఆడించమన్నారు. పక్కన కూర్చుని చూశాను. 5+3 అని వస్తుంది, కింద మూడు బుడగల్లో మూడు జవాబులు. వాడు లెక్కపెట్టడమే లేదు! వరుసగా బుడగలు నొక్కుకుంటూ పోతున్నాడు, ఏదో ఒకదానికి స్టార్ వస్తుంది. రిపోర్టులో మాత్రం అన్నీ వచ్చినట్టే. నాకైతే ఆపించేయాలనిపిస్తోంది.

సాఫ్ట్‌వేర్ నాన్న:
ఆపకండి. మా పాప ఎక్కాలంటే ఏడ్చేది. ఆటలో తప్పు చేసినా ఎవరూ కసరరు కాబట్టి భయం పోయింది. వడోదర మున్సిపల్ బడుల్లో ప్రథమ్ అనే స్వచ్ఛంద విద్యా సంస్థ నాలుగో తరగతి పిల్లలకు వారానికి రెండు గంటలు, కంప్యూటర్‌కు ఇద్దరేసి చొప్పున, ఇలాంటి ఆటలే ఆడించింది. ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో బృందం 2007లో ఫలితాలు అచ్చు వేసింది. లెక్కల్లో పిల్లలు బాగా ముందుకొచ్చారు.

ఒకటో తరగతి పంతులమ్మ:
అందులో మిగతాది కూడా చెప్పాలి కదండీ. రెండో ఏడాదికి లాభం 0.47 ప్రామాణిక విచలనం (పిల్లల మార్కులు సగటు నుంచి ఎంత అటూఇటూగా ఉంటాయో చెప్పే కొలత), చాలా ఎక్కువే. ఆటలు ఆగిన ఏడాదికి అది 0.1 దగ్గరికి పడిపోయింది. పైగా వాళ్లు నాలుగో తరగతి పిల్లలు. అంకె అంటే ఎంతో ఇంకా కుదురుకోని ఐదేళ్ల వాడి సంగతి వేరు.

అమ్మా, ఇంట్లో వైకుంఠపాళి ఉంటే తీయండి. పావు 23 మీద ఉండి 4 పడితే పిల్లలు "ఒకటి, రెండు" అంటూ జరుపుతారు. అలా కాకుండా "ఇరవై నాలుగు, ఇరవై ఐదు" అని గళ్లలోని అంకెలు చదువుతూ జరపమనండి. అమెరికాలో సీగ్లర్, గీతా రమణి అనే పరిశోధకులు 1 నుంచి 10 దాకా గళ్లున్న బోర్డుతో చిన్నపిల్లలను ఆడించి చూశారు. అంకెల గళ్లతో ఆడినవాళ్లకు ఏ అంకె పెద్దది, ఏది చిన్నది అని చెప్పడం మెరుగైంది. రంగుల గళ్లతో ఆడినవాళ్లకు కాలేదు.

సాఫ్ట్‌వేర్ నాన్న:
ఒప్పుకుంటాను మేడం. కానీ నలభై మంది ఉన్న క్లాసులో ఒక్కొక్కరి పక్కన ఎవరు కూర్చుంటారు? ట్యాబ్ అయితే ఎవరి స్థాయికి తగ్గ లెక్క వాళ్లకు ఇస్తుంది.

ఒకటో తరగతి పంతులమ్మ:
ఇస్తుంది, నిజమే. వాడు ఊహించి నొక్కాడా, లెక్కపెట్టి నొక్కాడా అన్నది దానికి తెలియదు. అమ్మ కనిపెట్టింది.

యూకేజీ బాబు అమ్మ:
నిన్న రాత్రి వైకుంఠపాళి ఆడాం. 38 మీద 3 పడింది. "ముప్పై తొమ్మిది" అని ఆగిపోయాడు. చాలాసేపు గడి వంక చూసి, నెమ్మదిగా "నలభై" అన్నాడు. ట్యాబ్ ఈ వారం బీరువాలోనే.