బేటిస్ రొడానై: ఒకే జాతా, పలు జాతులా?

సెలయేరు: యూరప్‌లో పారే నీళ్లలో బాగా తరచుగా వలకు చిక్కే మేఫ్లైలలో (పిల్లదశ నీటిలో గడిపే చిన్న రెక్కల పురుగులు) బేటిస్ రొడానై ఒకటి. 1843లో స్విస్ ప్రకృతి శాస్త్రవేత్త పిక్టే దీన్ని కొత్త జాతిగా వర్ణించాడు. 2006లో సీఓఐ అనే మైటోకాండ్రియా జన్యువుతో పోల్చి చూస్తే, ఈ ఒక్క పేరు కింద చాలా దూరంగా విడిపోయిన వంశాలు పలు బయటపడ్డాయి. వాటిలో కొన్ని ఒకే ఏట్లో పక్కపక్కనే బతుకుతున్నాయి కూడా. వేటి పేరు వాటికి పెట్టేసి, ఈ జాతి ఎక్కడెక్కడ ఉందో చూపే పాత మ్యాపులు పక్కన పడేయాలంటాను.

భూతద్దం: పడేసి ఏం చేద్దాం? నది నాణ్యత చూసేవాళ్లు ట్రే నిండా నింఫులు (నీటిలో పెరిగే పిల్లపురుగులు) పోసుకుని, మొప్పల అంచున ముళ్లున్నాయా, నడిమి తోక పొట్టిగా ఉందా అని చూసి లెక్క తేలుస్తారు. ప్రతి పురుగుకీ డీఎన్ఏ తీసే ఓపిక ఎవరికుంది? పైగా సీఓఐ తల్లి నుంచి మాత్రమే వస్తుంది. ఒక్క జన్యువు తేడా పట్టుకుని కొత్త జాతి అనేస్తే ఎలా?

సెలయేరు: అదే ఏట్లో కలిసి ఉంటూ కూడా జతకట్టడం లేదని, తల్లిదండ్రులిద్దరి నుంచీ వచ్చే కణకేంద్రక జన్యువులు చూపిస్తే? అప్పుడైనా ఒప్పుకుంటారా?

భూతద్దం: తప్పకుండా. ముందు అది చూపించి, తర్వాత పేరు పెట్టండి.

రెక్కలపురుగు: మధ్యలో వస్తున్నా. పేరు సంగతి సగం తేలిపోయిందండీ. 2008లో రోన్ నది ప్రాంతపు నమూనానే నియోటైప్‌గా, అంటే ఆ పేరుకు కొత్త ప్రామాణిక నమూనా‌గా నిర్ణయించి జాతిని మళ్లీ వర్ణించారు. అంటే రొడానై అన్న పేరు ఆ వంశానిదే. మిగతావి పేరులేనివి, అంతే.

నా గొడవ మ్యాపులతోనే. ఓనిస్కిగాస్ట్రిడే లాంటి మేఫ్లై కుటుంబం దక్షిణ అమెరికా కొసన, ఆస్ట్రేలియాలో, న్యూజిలాండ్‌లో ఉందంటే నమ్మొచ్చు. గోండ్వానా అనే ప్రాచీన మహాఖండం విడిపోయిన కథకు అది సరిపోతుంది. జాతి స్థాయికి దిగితేనే చిక్కు. క్లోయాన్ డిప్టెరమ్ అనే ఇంకో మేఫ్లై‌నే తీసుకోండి. మామూలు మేఫ్లై పెద్దయ్యాక ఒకటి రెండు రోజుల్లో పోతుంది, ఏమీ తినదు. డిప్టెరమ్ ఆడది మాత్రం రెండు వారాల దాకా బతికి, గుడ్లు కడుపులోనే పెంచి, నీటిని తాకగానే పిల్లల్ని వదులుతుంది. అట్లాంటిక్ నడిమధ్య అజోర్స్ దీవుల్లోనూ ఈ గుంపు ఉంది. దానిలోనూ దాగిన వంశాలున్నాయి. అన్నిటినీ డిప్టెరమ్ అని రాసేస్తే సముద్రం దాటింది ఏదో ఎలా తెలుస్తుంది?

భూతద్దం: సరే, అయితే ట్రే ముందు కూర్చున్నవాడు ఏం రాయాలి?

రెక్కలపురుగు: "రొడానై గుంపు" అని రాస్తే చాలు, అబద్ధం కాదు. ఒక్కో చోటు నుంచి నాలుగైదు నింఫులు గాఢ ఇథనాల్‌లో దాచమనండి. ఫార్మలిన్‌లో వేస్తే డీఎన్ఏ పాడైపోతుంది.

సెలయేరు: దాచడం వరకూ ఓకే. కానీ "గుంపు" అన్న మాట అలవాటైతే పేర్లు పెట్టే పని ఇంకో ఇరవై ఏళ్లు వాయిదా పడుతుందని నా భయం.

భూతద్దం: పడనివ్వండి. తొందరపడి పెట్టిన పేర్లను తర్వాత రద్దు చేయడానికి అంతకంటే ఎక్కువ కాలం పడుతుంది.