ఉద్యోగం చేస్తూ ఆహార, ప్రయాణ బ్లాగు: రాయవలసినవి పేరుకుపోతున్నాయి, ఏం చేయాలి?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. వారానికి ఐదు రోజులు ఆఫీసు పని. సెలవులు దొరికినప్పుడు ఊళ్లు తిరిగి, అక్కడ చూసినవీ తిన్నవీ నా బ్లాగులో రాస్తాను. మొదటి ఏడాది ఉత్సాహంగా సాగింది. ఇప్పుడు మూడు ప్రయాణాల ఫొటోలు ఫోనులోనే ఉండిపోయాయి. రాత్రి రాయడానికి కూర్చుంటే ఆ వంటకం రుచి ఎలా ఉందో కూడా గుర్తుకు రావడం లేదు. వారానికి రెండు వ్యాసాలు రాయాలన్న నియమం ఎప్పుడో తప్పింది. ఉద్యోగం వదిలే ఆలోచన లేదు. దారి చెప్పగలరా?

మొదటి సమాధానం:
మీకు తక్కువైంది సమయం కాదనిపిస్తోంది. రాయడానికి కూర్చునే వేళకు చేతిలో సరుకు ఉండడం లేదు. నేను ఆరేళ్లుగా ఉద్యోగంతో పాటే రాస్తున్నాను, నాకూ మొదట్లో ఇదే జరిగింది.

తిన్న చోటే, బల్ల దగ్గరి నుంచి లేవకముందే నాలుగు ముక్కలు రాసుకోండి. రాయలేకపోతే ఫోనులో మాట్లాడి రికార్డు చేసుకోండి. ‘బాగుంది’ అన్న మాట మాత్రం వద్దు, నెల తరువాత అది మీకే ఏమీ చెప్పదు. ముందు నాలుకకు తగిలింది పులుపా, కారమా? మెత్తగా ఉందా, కరకరలాడిందా? వడ్డించినవారు దాన్ని ఏ పేరుతో పిలిచారు? ఫొటో చూస్తే రంగు గుర్తొస్తుంది కానీ వాసన గుర్తుకు రాదు.

ధరలు, వేళలు రాసుకుంటూ కూర్చోనక్కర్లేదు. బోర్డును, టికెట్టును, మెనూను ఫొటో తీయండి. తీసిన తేదీ, సమయం ఫొటోలోనే నమోదవుతాయి, లొకేషన్ ఆన్‌లో ఉంటే చోటు కూడా. ఎవరి ఇంట్లోనైనా తీసిన ఫొటో అయితే, పెట్టే ముందు ఆ చోటు వివరం తప్పక తొలగించండి.

వారానికి రెండు అన్న నియమం వదిలేయండి. నెలకు రెండు చాలు. ఆఫీసు రోజుల్లో ఫొటోలు ఏరడం, పేర్లు సరిచూడడం వంటి చిన్న పనులే పెట్టుకోండి. అసలు రాత సెలవు రోజు ఉదయం, బుర్ర తేటగా ఉన్నప్పుడు. ఆలస్యమైనా తప్పు లేదు, ఏ నెలలో వెళ్లారో వ్యాసంలో చెబితే చాలు.

అడిగినవారు:
చాలా ఉపయోగపడింది. ఇంకో రెండు సందేహాలు. ఆఫీసు అయ్యాక బయట తిన్నప్పుడు తీసిన ఫొటోలన్నీ పసుపు పచ్చగా వస్తున్నాయి. అలాగే, బ్లాగు సంగతి ఆఫీసులో చెప్పాలా?

మొదటి సమాధానం రాసినవారు:
పసుపు రావడానికి కారణం దీపాలు. వెలుగు రంగును కెల్విన్‌లలో కొలుస్తారు, అంకె తగ్గేకొద్దీ పసుపు పెరుగుతుంది. పసుపు రంగు బల్బు వెలుగు సుమారు 2,700 కెల్విన్ ఉంటే, మధ్యాహ్నపు ఎండ 5,500 దగ్గర ఉంటుంది. కెమెరాలో వైట్ బ్యాలెన్స్, అంటే తెలుపు తెల్లగా కనిపించేలా రంగులు సర్దే అమరిక, మార్చితే చాలావరకు సర్దుకుంటుంది. రెండు రకాల వెలుగులు కలిసి పడితే మాత్రం ఒకదాన్ని సరిచేసినప్పుడు రెండోది చెడుతుంది. అందుకే పగలు కిటికీ పక్కన కూర్చోండి, వెలుగు పళ్లెం మీద పక్క నుంచి పడనివ్వండి. ఫ్లాష్ వేస్తే నీడలు పోయి వంటకం చదునుగా కనిపిస్తుంది. రాత్రి భోజనానికి మంచి ఫొటో రాకపోతే ఫొటో లేకుండానే రాయండి. మీ మాట బలంగా ఉంటే చదువుతారు.

మరొక సభ్యురాలు:
ఆఫీసు విషయం నేను చెబుతాను, ఎందుకంటే ఇబ్బంది పడ్డాను. ముందు మీ నియామక పత్రం తీసి బయటి పని, బయటి ఆదాయం గురించిన షరతులు చదవండి. నేను ఒక వ్యాసానికి డబ్బు తీసుకున్న తరువాత చదివాను. ముందస్తు అనుమతి తప్పనిసరి అని అందులో స్పష్టంగా ఉంది. సంజాయిషీ రాసివ్వవలసి వచ్చింది, ఆ నెలంతా నిద్ర లేదు. అనుమతి నోటిమాటగా కాక రాతపూర్వకంగా తీసుకోండి. ఆఫీసు ల్యాప్‌టాప్‌లో ఒక్క వాక్యం కూడా రాయకండి. సంస్థ పరికరాలతో తయారుచేసినవాటిపై హక్కు సంస్థదే అనే షరతు కొన్ని ఒప్పందాల్లో ఉంటుంది.

ఎవరైనా ఉచితంగా భోజనం పెట్టినా, బస ఇచ్చినా వ్యాసం మొదట్లోనే చెప్పండి. చాలా దేశాల్లో ఇది నిబంధన కూడా. నిబంధన లేకపోయినా చెప్పాలనే నేనంటాను, మన మాట నమ్మి సొంత డబ్బు ఖర్చుపెట్టేది చదివేవారే కదా.

అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. నియామక పత్రం ఇప్పుడే తీసి చూశాను. ఆదాయం లేని రాతకు అడ్డు లేదు, డబ్బు తీసుకుంటే మాత్రం అనుమతి కావాలి. మొదటి ప్రయాణం ఫొటోలను తీసిన వేళల వరుసలో పెట్టాను. ఉదయం 6.40కి తీసిన ఒక బోర్డు చూడగానే ఆ సంతలో విన్న కేకలు గుర్తొచ్చాయి. శనివారం పొద్దున అక్కడి నుంచే మొదలుపెడతాను.