చలికాలంలో మగ బాతుల షెడ్డులో హీట్ ల్యాంప్ పెట్టాలా, వద్దా?

మిషిగన్ పెరడు:
మాది డెట్రాయిట్ శివారు. పోయిన వసంతంలో ఫీడ్ స్టోర్‌లో మూడు పెకిన్ జాతి బాతు పిల్లల్ని తెచ్చాం. అక్కడ ఆడా మగా తేల్చకుండానే అమ్ముతారు. ఈకలు వచ్చాక చూస్తే మూడింటికీ తోక మీద ఈక మెలి తిరిగింది, గొంతులు బొంగురుపోయాయి. అంటే మూడూ మగవే. గుడ్డు రాదు. పిల్లలు పేర్లు పెట్టేసుకున్నారు కాబట్టి ఇగురు మాట ఇంట్లో ఎత్తడానికి లేదు. జనవరిలో ఇక్కడ ఒక్కో రాత్రి మైనస్ 15 డిగ్రీల దాకా పడిపోతుంది. షెడ్డులో 250 వాట్ల ఎర్ర బల్బు పెట్టాల్సిందే అని మా ఆవిడ, ఏమీ అక్కర్లేదని పక్కింటాయన. మీరేమంటారు?

కైకలూరు కుర్రాడు:
బాతుకి చలేంటన్నా! మా కొల్లేరు వైపు కోతలయ్యాక మందల్ని చేల వెంట తిప్పుతారు. రాత్రికి చేలోనే వల చుట్టి ఆపేస్తారు. బల్బూ లేదు, షెడ్డూ లేదు.

మిన్నెసోటా రైతుబిడ్డ:
తమ్ముడూ, 18 డిగ్రీలకే మఫ్లర్ చుట్టుకునే ఊరు మీది. దాన్ని ఇక్కడికి తెచ్చి పోల్చకు. అయినా జవాబు మాత్రం నువ్వు చెప్పిందే. ల్యాంప్ వద్దు.

ఈక కింద నూగు, ఈక మీద నూనె. తోక మొదట్లో ఉండే గ్రంథి నుంచి ముక్కుతో ఆ నూనె తీసి ఒళ్ళంతా రాసుకుంటుంది. ఇక కాళ్ళ సంగతి. కాలిలోకి దిగే వేడి రక్తం, పైకొచ్చే చల్లటి రక్తం పక్కపక్క నాళాల్లోనే నడుస్తాయి. కిందికి పోయే వేడిని పైకొచ్చేది అందుకుంటుంది. అందుకే మంచు మీద నిలబడినా ఒంట్లో వేడి పెద్దగా పోదు.

అసలు భయపడాల్సింది తేమకి. బాతు రెట్ట నీళ్ళ రెట్ట, పైగా ఊపిరితో రాత్రంతా ఆవిరి వదులుతుంది. చలి అని సందులన్నీ మూసేస్తే ఆ తడి ఎక్కడికి పోతుంది? పొద్దున్నే షెడ్డు లోపలి గోడ మీద చెయ్యి పెట్టి చూడండి. మంచు పొర తగిలితే గాలి ఆడటం లేదని అర్థం. అప్పుడే కాళ్ళు దెబ్బతింటాయి. గాలి కంతలు బాతు తలకంటే బాగా పైన ఉండాలి. కింద ఈదురుగాలి తగలకూడదు. ఎండుగడ్డి మందంగా పరిచి, తడిసింది తడిసినట్టు తీసేయండి. మీరు వంగినప్పుడు రెట్ట ఘాటుకి ముక్కు మండిందంటే నేలకి ఆనుకుని పడుకునే బాతుకి ఇంకా ఘోరం.

250 వాట్ల బల్బు కింద ఎండుగడ్డి, గాల్లో ఈకల దుమ్ము, రెక్కలు కొట్టుకునే మూడు పోతులు. నిప్పంటుకోవడానికి ఇంతకంటే ఏం కావాలి?

ఒహాయో మస్కోవీ:
ల్యాంప్ వద్దంటే ఒప్పుకుంటా. వేడే వద్దంటే ఒప్పుకోను. నా దగ్గరున్నవి మస్కోవీలు, దక్షిణ అమెరికా జాతి. మగదానికి మొహమంతా ఎర్రటి కండ, దాని మీద ఈక ఉండదు. నిరుడు మా పెద్ద పోతుకి ఆ కండ అంచు నల్లబడి ఎండిపోయింది. షెడ్డు పొడిగానే ఉంది, గాలీ బాగానే ఆడుతోంది. అప్పటినుంచి గోడకి బల్బు లేని వేడి పలక పెట్టా. కావాల్సినది దగ్గరికి వస్తుంది, వద్దనుకున్నది దూరంగా పడుకుంటుంది. పెకిన్ చూసి అన్ని బాతులకీ తీర్పు చెప్పకండి.

మిన్నెసోటా రైతుబిడ్డ:
మస్కోవీ సంగతి వేరే, ఒప్పుకున్నా. అడిగినాయనవి పెకిన్లు కదా.

మిషిగన్ పెరడు:
మరి నీళ్ళో? ప్లాస్టిక్ తొట్టి అప్పుడే గడ్డకడుతోంది.

మిన్నెసోటా రైతుబిడ్డ:
ఈతకి తొట్టి రోజూ లేకపోయినా నడుస్తుంది. ముక్కు రంధ్రాలు, కళ్ళు మునిగేంత లోతు గిన్నె మాత్రం ఉండి తీరాలి. కుక్కలకి అమ్మే కరెంటు వేడి గిన్నె పెట్టండి. రాత్రి మాత్రం నీళ్ళు, మేత రెండూ బయటే. లోపల నీళ్ళు పెడితే తెల్లారేసరికి గడ్డి అంతా బురదే.

ఒహాయో మస్కోవీ:
డిసెంబర్లో రాత్రి 15 గంటలు. అంతసేపు గొంతు తడవకుండా ఉంచుతారా? నేను లోతైన బకెట్‌కి పక్కన కంత కోసి, కింద ఇనప జాలీ, దాని కింద ట్రే పెట్టా. చిందింది ట్రేలోకే పోతుంది. పని ఎక్కువే, పెంచుకున్నాక తప్పదు. నీళ్ళు తీసేసి మేత ఒక్కటే ఉంచడం మాత్రం ఎవరూ చేయొద్దు, మేత గొంతుకి అడ్డం పడుతుంది.

రాజేంద్రనగర్ వెటర్నరీ విద్యార్థిని:
వేడి గురించి కొట్టుకుంటూ మగవి అన్న మాటే వదిలేశారు. మిషిగన్ అన్నయ్యా, మేత ఏది పెడుతున్నారు? గుడ్ల కోళ్ళ మేతలో కాల్షియం 3, 4 శాతం ఉంటుంది. గుడ్డు పెట్టని పక్షికి ఒక శాతం సరిపోతుంది. నెలల తరబడి అదే తింటే మూత్రపిండాలు పాడవుతాయి. నియాసిన్ (బి3 విటమిన్) కూడా బాతులకి కోళ్ళకంటే ఎక్కువ కావాలి, మేతలో అది ఉండే బ్రూవర్స్ ఈస్ట్ (బీరు తయారీలో వాడే ఈస్ట్) కలపండి.

ఇంకోటి, మొహమాటపడకుండా చెప్తున్నా. మగ బాతు అంగం బయటికొచ్చి లోపలికి పోకుండా ఉండిపోవడం అప్పుడప్పుడూ జరుగుతుంది. మంచులో అది గడ్డకడితే చచ్చుబడిపోతుంది. తోక కింద గులాబీ రంగులో ఏదైనా వేలాడుతూ కనిపిస్తే అదే రోజు డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళండి. పాదాల అడుగు కూడా ఎత్తి చూస్తుండండి. గట్టిపడిన నేల మీద గీసుకుని, నల్లటి పక్కు కట్టి, లోపల చీము పడుతుంది.

కైకలూరు కుర్రాడు:
ఆడవి లేకుండా మూడు పోతులు ఒకే షెడ్డులో కొట్టుకోవా?

రాజేంద్రనగర్ వెటర్నరీ విద్యార్థిని:
చలికాలంలో పెద్దగా కొట్టుకోవు. ఆడది కంటపడకపోతే కలిసే ఉంటాయి. పగటి పొద్దు పెరిగి వసంతం వచ్చాకే గొడవలు. జాలి పడి ఇప్పుడు ఒక్క ఆడదాన్ని తెచ్చారో, మూడూ కలిసి దాన్ని బతకనివ్వవు. ఒక పోతుకి కనీసం మూడు నాలుగు ఆడవి ఉండాలి.

మిషిగన్ పెరడు:
మేత సంచీ చూశా, గుడ్ల కోళ్ళదే. రేపే మారుస్తా. ల్యాంప్ కొనట్లేదు, షెడ్డు పైన రెండు వైపులా కంతలు కోస్తున్నా. మా ఆవిడ మాత్రం వేడి పలక దగ్గర ఆగింది. "పక్కింటాయన బాతులు పెంచాడా?" అంటోంది.

ఒహాయో మస్కోవీ:
వదిన గారికే నా ఓటు. కంతలకి అరంగుళం ఇనప జాలీ కొట్టడం మర్చిపోకండి, కోళ్ళ వల కాదు. దాన్ని రకూన్ (రాత్రిళ్ళు పక్షుల్ని పట్టుకుపోయే ఇక్కడి జంతువు) చించేస్తుంది.